వినేవాళ్ల ముఖం



బుడాపెస్ట్ నుంచి వియన్నా వైపు ఒక రైలు వెళ్తోంది. పెట్టెలో భార్యాభర్తలిద్దరు జర్మన్ భాషలో గట్టిగా పోట్లాడుకుంటున్నారు. ఆ పక్కనే పుస్తకం చదువుకుంటున్న ఫ్రెంచి అమ్మాయి, ఆ గోల భరించలేక లేచి ఇంకో సీట్లోకి మారుతుంది. నడవాకు అవతల ఒక అమెరికన్ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. అతని చేతిలోనూ పుస్తకమే. వాళ్లు దేని గురించి పోట్లాడుకుంటున్నారో ఏమైనా తెలిసిందా అని అడుగుతాడు. తనకు జర్మన్ అంతగా రాదంటూనే ఆ అమ్మాయి ఒక సంగతి చెబుతుంది. వయసు మళ్లేకొద్దీ మగవాళ్లకు సన్నగొంతులు వినపడవట, ఆడవాళ్లకు బొంగురు గొంతులు వినపడవట. అందుకే ముసలి దంపతులకు ఒకరి మాట ఒకరి చెవిన పడదట.

1995లో వచ్చిన ‘బిఫోర్ సన్‌రైజ్’ సినిమా ఇలా మొదలవుతుంది. కుర్రాడి పేరు జెస్సీ, అమ్మాయి పేరు సెలీన్. ఆ పాత్రలు వేసినవాళ్లు ఈథన్ హాక్, జూలీ డెల్పీ. తీసినవాడు రిచర్డ్ లింక్‌లేటర్. జెస్సీ వియన్నాలో దిగాలి, మర్నాడు పొద్దున అతనికి విమానం ఉంది. సెలీన్ బుడాపెస్ట్‌లో తన బామ్మను చూసి పారిస్‌కు తిరిగి వెళ్తోంది. వియన్నా స్టేషన్‌లో రైలు ఆగాక జెస్సీ దిగి, మళ్లీ ఎక్కి వచ్చి, నాతో పాటు దిగిపో, ఈ రాత్రంతా ఊరు తిరుగుదాం అంటాడు. ఆమె దిగుతుంది. తెల్లవారేదాకా ఇద్దరూ ఆ వీధుల వెంట నడుస్తూ మాట్లాడుకుంటారు. కథ అంతే.

ఈ సినిమాకు రెండో భాగం, ‘బిఫోర్ సన్‌సెట్’, 2004లో పారిస్ నేపథ్యంగా వచ్చింది. మూడోది, ‘బిఫోర్ మిడ్‌నైట్’, 2013లో గ్రీసు నేపథ్యంగా వచ్చింది. తొమ్మిదేళ్లకొక సినిమా. అదే దర్శకుడు, అదే నటీనటులు. కథలోనూ తొమ్మిదేళ్లే గడుస్తాయి. కాబట్టి జెస్సీ నుదుటి మీద గీతలు మేకప్ మనిషి గీసినవి కావు, సెలీన్ కళ్ల కింద అలసట నటన కాదు. పద్దెనిమిదేళ్ల కాలం ఇద్దరు మనుషుల మీదుగా నడిచి వెళ్లిన గుర్తులు అవి. కాలం గురించి కబుర్లు చెప్పిన సినిమాలు చాలా ఉన్నాయి. కాలాన్నే ఇలా తెరకెక్కించినవి నేను బహు కొద్ది చూశాను.

సినిమాను చెవులతో చూడటం మన రేడియో శ్రోతలకు కొత్తేమీ కాదు. సంక్షిప్త శబ్ద చిత్రం మొదలైందంటే ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరిన తరం మనలో చాలామందిది. ‘మాయాబజార్’ను తెర మీద చూడకముందే పింగళి నాగేంద్రరావు గారి మాటలు కంఠతా వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఈ మూడు సినిమాలను కూడా అలా వినొచ్చు, చాలావరకు అర్థమవుతాయి. అయితే ఒక్కటి పోతుంది. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ రెండోవాళ్లు వింటున్నారే, ఆ వినే ముఖం మనకు అందదు. ఈ సినిమాల ప్రాణం ఆ ముఖంలో ఉందని నా గట్టి నమ్మకం. ఇవాళ మీతో చెప్పాలనుకున్నదీ అదే.

రైల్లో ఇద్దరూ భోజనాల పెట్టెలో కూర్చున్నప్పుడు జెస్సీ తన చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతాడు. మూడు నాలుగేళ్ల వయసులో పెరట్లో రబ్బరు గొట్టంతో నీళ్లు చిమ్ముతూ ఆడుకుంటున్నాడు. ఎండ పడి ఆ తుంపరలో హరివిల్లు కట్టింది. అందులో అప్పటికే చనిపోయిన తాతమ్మ నవ్వుతూ నిలబడి కనిపించింది. గొట్టం వదిలేయగానే మాయమైంది. అమ్మానాన్నలు అలాంటివి ఉండవు నాయనా అని ఎంత చెప్పినా తను చూసింది తను చూశాననే అనుకున్నాడట. ఇది విన్నాక, తనను చావు భయం ఇరవై నాలుగు గంటలూ వెంటాడుతుందని సెలీన్ చెబుతుంది. విమానం ఎక్కకుండా రైల్లో వస్తున్నది కూడా అందుకే.

ముక్కూ మొహం తెలియని ఇద్దరు, పరిచయమై గంటన్నా కాకముందే చావు గురించి మాట్లాడుకుంటున్నారు. ఈ సన్నివేశంలో కెమెరా సెలీన్ ముఖాన్ని ఎలా చూపిస్తుందో గమనించండి. ఆమె తల ఊపదు, మధ్యలో అందుకోదు. ఆ పిల్లవాడు పెరట్లో నిలబడి ఉండటం ఆమె కళ్లకు కట్టినట్టు మనకు తెలిసిపోతుంది. ఆ రాత్రి చాలా పొద్దుపోయాక ఒక కాఫీ హోటల్లో ఇద్దరూ ఉత్తుత్తి టెలిఫోన్ ఆట ఆడతారు. బొటనవేలు చెవి దగ్గర, చిటికెన వేలు నోటి దగ్గర పెట్టుకుని, ఎవరి స్నేహితులతో వాళ్లు మాట్లాడుతున్నట్టు నటిస్తారు. అప్పుడు సెలీన్ బయటపెడుతుంది: ఆ తాతమ్మ కథ విన్నప్పుడే, ఆ చిన్న పిల్లవాడి మీద తనకు మనసు పోయిందని. అంటే స్టేషన్‌లో జెస్సీ ఎంత తెలివిగా వాదించాడన్నది తర్వాతి మాట. అతను అడగకముందే ఆమె మనసు వియన్నాలో దిగిపోయింది.

ఇక పాటల దుకాణం దృశ్యం. నేను ఈ సినిమాను ప్రేమించింది అక్కడే. గ్రామఫోను రికార్డులమ్మే కొట్టులో పాట విని చూసుకోవడానికి ఒక చిన్న గది ఉంటుంది. ఇద్దరు నిలబడితే భుజాలు తగిలేంత ఇరుకు. కాత్ బ్లూమ్ అనే గాయని పాట మొదలవుతుంది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడరు. సెలీన్ అటు చూస్తున్నప్పుడు జెస్సీ ఆమెను చూస్తాడు. ఆమె ఇటు తిరగబోతోందనగానే చూపు తిప్పేసుకుంటాడు. వెంటనే ఆమె అతన్ని చూస్తుంది, అతను తిరిగేసరికి గోడ వైపు చూస్తుంది. కెమెరా కదలదు, మధ్యలో కోత ఉండదు. మాటల సినిమాగా పేరుబడ్డ సినిమాలో అందరికీ గుర్తుండిపోయే దృశ్యంలో మాటలే లేవు. ఒకరు చూస్తుంటే చూపు తప్పించుకోవడం ఎంత కష్టమో, చూడకుండా ఉండటం అంతకన్నా ఎంత కష్టమో ఆ నిమిషంలో తెలిసిపోతుంది.

ఈ సంభాషణలన్నీ నటులు అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు మాట్లాడేసినవని చాలామంది అనుకుంటారు. కాదు. ప్రతి వాక్యం రాసుకున్నదే, రోజుల తరబడి సాధన చేసిందే. మొదటి సినిమాకు లింక్‌లేటర్‌తో కలిసి రాసింది కిమ్ క్రిజాన్ అనే రచయిత్రి. రెండో, మూడో సినిమాల స్క్రీన్‌ప్లేలో హాక్, డెల్పీల పేర్లు కూడా ఉంటాయి, ఆ రెండింటికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. సెలీన్ మాటల్లో ఒక ఆడమనిషి అనుభవం అంత నిండుగా పలకడానికి కారణం, ఆ మాటల వెనక జూలీ డెల్పీ కలం ఉండటమే అని నేననుకుంటాను. మగవాడి ఊహలో పుట్టిన ప్రియురాలు అలా ఎదురు వాదించదు.

మొదటి సినిమా చివర ఇద్దరూ ఫోన్ నంబర్లు పుచ్చుకోరు, చిరునామాలు పుచ్చుకోరు. సరిగ్గా ఆర్నెల్ల తర్వాత, డిసెంబర్ 16న, ఇదే స్టేషన్‌లో కలుద్దామనుకుని విడిపోతారు. తర్వాత రాత్రంతా వాళ్లు తిరిగిన చోట్లన్నీ పగటి వెలుతురులో ఒక్కొక్కటే మనకు కనిపిస్తాయి. వాళ్లిద్దరూ లేరు. ఇరవయ్యేళ్ల వయసులో ఇది చూసినవాళ్లు వాళ్లు తప్పకుండా కలుస్తారంటారు. నలభైల్లో చూసినవాళ్లు ఆ ఫోన్ నంబరేదో తీసుకోవచ్చు కదమ్మా అంటారు. నేను రెండూ అన్నాను.

ఈ కథకు ఊపిరి పోసింది లింక్‌లేటర్ జీవితంలో నిజంగా జరిగిన ఒక రాత్రి. 1989లో ఫిలడెల్ఫియాలో ఒక బొమ్మల దుకాణంలో అతనికి ఒక అమ్మాయి పరిచయమైంది. ఇద్దరూ అర్ధరాత్రి దాటేదాకా ఊరంతా తిరుగుతూ మాట్లాడుకున్నారు. కొన్నాళ్లు ఫోన్లు నడిచాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. తను ఈ సినిమా తీస్తే ఆమె ఎక్కడో ఒకచోట చూస్తుందని, ఏదో ఒక ప్రదర్శనకు వచ్చి ఎదురుపడుతుందని అతను ఎదురుచూశాడు. ఆమె రాలేదు. సినిమా విడుదలకు ముందు ఏడాదే, 1994లో, ఆమె మోటారు సైకిల్ ప్రమాదంలో చనిపోయింది. ఆ సంగతి అతనికి తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. మూడో సినిమాను ఆమెకు అంకితమిచ్చాడు. ఎవరి కోసం ఈ మాటలన్నీ రాశాడో ఆ మనిషి ఒక్క మాటా వినలేదు. ఇది తెలిశాక మొదటి సినిమాలోని నవ్వులు కూడా నాకు గుండెలో గుచ్చుకుంటాయి.

రెండో సినిమా ఎనభై నిమిషాలు. కథా ఎనభై నిమిషాలే. జెస్సీ ఆ రాత్రి గురించి నవల రాశాడు. దాని ప్రచారానికి పారిస్‌లోని ‘షేక్‌స్పియర్ అండ్ కంపెనీ’ పుస్తకాల కొట్టుకు వస్తాడు. విలేఖరులతో మాట్లాడుతూ తల తిప్పేసరికి పక్కన సెలీన్ నిలబడి ఉంటుంది. సాయంత్రం అతనికి విమానం. ఉన్న కాస్త సమయం వీధుల వెంట, కాఫీ హోటల్లో, సెన్ నది మీద పడవలో కరిగిపోతుంటుంది. ఆ డిసెంబర్‌లో తాను రాలేకపోయానని సెలీన్ చెబుతుంది. బామ్మ పోయింది, సరిగ్గా ఆ రోజే అంత్యక్రియలు. మరి నువ్వు వెళ్లావా అని అతన్ని అడుగుతుంది. లేదంటాడు. ఆమె అతని ముఖం వంక చూస్తుంది. చూసి, అయ్యో, నువ్వు వెళ్లావు అంటుంది. అతను చెప్పిన జవాబును ఆమె నమ్మలేదు, అతని ముఖాన్ని నమ్మింది. తొమ్మిదేళ్లు కాదు, ఒక్క పూట గడిచినట్టుంది వాళ్ల మధ్య.

ఆ పుస్తకాల కొట్టులోనే జెస్సీ తను రాయాలనుకుంటున్న ఇంకో నవల గురించి చెబుతాడు. కథంతా ఒక్క పాట నడిచినంతసేపట్లో జరగాలి. ఒక తండ్రి ఉంటాడు. అన్నీ ఉన్నా ఏదో వెలితిగా ఉన్న మనిషి. అతని ఐదేళ్ల కూతురు పాటకు తగ్గట్టు బల్ల మీదెక్కి గెంతుతోంది. పడిపోతావు, దిగు తల్లీ అనబోతాడు. అంతలో అతను పదహారేళ్ల కుర్రాడు, అదే పాట మోగుతోంది, అతని ప్రియురాలు కారు మీదెక్కి ఆడుతోంది. అతను గతాన్ని గుర్తు చేసుకోవడం లేదు, రెండు చోట్లా ఒకేసారి ఉన్నాడు. ఇది విన్న రోజు నుంచీ వంటింట్లో పాత పాట ఏదైనా మోగితే నేను ఒక్క క్షణం చేతిలో పని ఆపి నిలబడతాను. కాలం గురించి ఎన్ని తత్వగ్రంథాలు చెప్పినా, ఆ బల్ల మీది పాప చెప్పినంత సూటిగా నాకు ఏదీ చెప్పలేదు.

కారులో వెళ్తున్నప్పుడు జెస్సీ కిటికీ వైపు తిరిగి, తన కాపురం ఎంత ఒంటరిగా ఉందో చెబుతుంటాడు. సెలీన్ చెయ్యి నెమ్మదిగా లేచి అతని జుట్టు దాకా వెళ్తుంది. తాకబోతుంది. అతను ఇటు తిరుగుతున్నాడనగానే వెనక్కి తీసేసుకుంటుంది. ఆ చెయ్యి వచ్చి వెళ్లిన సంగతి జెస్సీకి ఎప్పటికీ తెలియదు, మనకే తెలుసు. ఆ తర్వాత ఇద్దరూ ఆమె ఇంటి మెట్లెక్కుతారు. అప్పటిదాకా గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన మనుషులు ఒక్క మాటైనా అనకుండా అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కుతూ పోతారు. ఎక్కినంతసేపూ నా గుండె నా చేతిలో ఉండదు.

ఇలా మాటల మీదే నడిచే సినిమాలు ఇంకా ఉన్నాయి. ఫ్రాన్సులో ఎరిక్ రోమర్ తీసినవి చాలామంది ప్రస్తావిస్తారు. నాకు మాత్రం 1981లో లూయీ మాల్ తీసిన ‘మై డిన్నర్ విత్ ఆంద్రే’ దగ్గరిది. ఇద్దరు స్నేహితులు హోటల్లో భోజనం చేస్తారు, అదే సినిమా. ఆంద్రే నాటకాల దర్శకుడు. జీవితానికి అర్థం వెతుక్కుంటూ పోలండ్ అడవుల దాకా వెళ్లి వచ్చానని గంటసేపు చెబుతాడు. ఎదురుగా వాలీ వింటుంటాడు. ఎప్పటికో వాలీ నోరు విప్పి, తనకు అడవులూ కొండలూ అక్కర్లేదంటాడు. రాత్రి మిగిల్చిన కాఫీ పొద్దున లేచేసరికి, బొద్దింక పడకుండా, కప్పులో అలాగే ఉంటే చాలు, తనకు సంతోషమే అంటాడు. నేను వాలీ వైపే. కానీ అతను అంతసేపు ఓపిగ్గా విన్నాడు కాబట్టి అతని కాఫీ కప్పుకు అంత బరువు వచ్చింది. భోజనం అయ్యాక టాక్సీలో ఇంటికి వెళ్తుంటే దారిలో ప్రతి దుకాణమూ అతనికి చిన్నతనాన్ని గుర్తు చేస్తుంది. రోజూ చూసే వీధి కొత్తగా కనిపిస్తుంది. మంచి మాట విన్న మనిషికి అలాగే అవుతుంది.

ఇప్పుడు మూడో సినిమా. మూడింట్లో ఇదే గొప్పదని నా తీర్పు. నా స్నేహితులు చాలామంది ఒప్పుకోరు, రెండోదే గొప్పదంటారు. జెస్సీ, సెలీన్ ఇప్పుడు నలభై దాటినవాళ్లు. కలిసి ఉంటున్నారు, కవల ఆడపిల్లలు పుట్టారు. జెస్సీకి మొదటి భార్య వల్ల పుట్టిన కొడుకు హ్యాంక్ వేసవి సెలవులు తండ్రితో గడిపి, షికాగోలో తల్లి దగ్గరికి తిరిగి వెళ్తాడు. కొడుకును విమానం ఎక్కించి వచ్చిన తండ్రి గుండెలోని బాధ సినిమా అంతటా సన్నగా సలుపుతుంటుంది.

గ్రీసులో వాళ్లు దిగిన ఇంట్లో ఒక మధ్యాహ్నం భోజనాల బల్ల చుట్టూ రకరకాల వయసుల జంటలు కూర్చుంటారు. వాళ్లలో భర్త పోయిన ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ తన భర్త ముఖాన్ని పూర్తిగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంటుందట. కళ్ల రంగు, పెదవులు, పళ్లు, చర్మం. ఒక్కోసారి మబ్బు తొలగినట్టు ఆయన నిజంగానే కనిపిస్తాడట. ఎండ ఎక్కేసరికి మాయమైపోతాడట. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా అప్పటిదాకా సరసాలాడుతున్నవాళ్లే, ఆవిడ మాట్లాడినంతసేపు కదలకుండా వింటారు. కుర్ర జంట ముఖాల్లో ఆశ్చర్యం. జెస్సీ, సెలీన్ ముఖాల్లో గుర్తింపు. తమ వంతు కూడా వస్తుందని తెలిసినవాళ్ల ముఖాలు అవి.

ఆ రాత్రి స్నేహితులు వాళ్లిద్దరి కోసం హోటల్లో గది తీసి ఇస్తారు. పిల్లలు లేని ఒక్క పూట. అంతలో హ్యాంక్ ఫోన్ చేస్తాడు. సెలీన్ మాట్లాడి, జెస్సీకి ఇవ్వకుండా పెట్టేస్తుంది. అక్కడ మొదలవుతుంది పోట్లాట. ఎవరూ అరిచి వస్తువులు పగలగొట్టరు. పద్దెనిమిదేళ్ల కిందట వింటున్నప్పుడు ముద్దొచ్చిన మాటకారితనమే ఇప్పుడు కత్తి అవుతుంది. ఎదుటివాళ్లు తర్వాత ఏమంటారో ఇద్దరికీ ముందే తెలుసు, అందుకే ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినడం మానేసి జవాబు సిద్ధం చేసుకుంటుంటారు. రైల్లో పోట్లాడిన ఆ జర్మన్ దంపతులు ఇప్పుడు వీళ్లే.

ఈ పోట్లాటలో నేను సెలీన్ పక్షం. పిల్లలు పసికందులుగా ఉన్నప్పుడు జెస్సీ పుస్తకాల ప్రచారానికి ఊళ్లు తిరుగుతున్నాడు, ఏం చెయ్యాలో తెలియక తను ఒక్కతే వాళ్లతో వేగింది. తనకంటూ ఆలోచించుకునే తీరిక ఆఫీసు మరుగుదొడ్డిలో తప్ప దొరకడం లేదంటుంది. ఉద్యోగమూ ఇల్లూ రెండూ మోసిన ఏ ఇల్లాలికైనా ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. జెస్సీ చెడ్డవాడు కాడు. కొడుకు మీద బెంగ నిజమైనదే. కానీ అతను సెలీన్ కోపానికి చమత్కారంతో జవాబిస్తాడు, ఆ కోపం కింద ఉన్న భయాన్ని వినడు. నీ మీద నాకు ఇక ప్రేమ లేదనుకుంటాను అని చెప్పి, గది తాళం బల్ల మీద పెట్టి ఆమె వెళ్లిపోతుంది. ప్రేమకథను ఇంత దూరం తీసుకొచ్చి ఇంత నిజం చెప్పడానికి ధైర్యం కావాలి. పెళ్లితో ముగిసే వంద సినిమాల తర్వాత ఏం జరుగుతుందో ఈ అరగంట చూపిస్తుంది.

చివరికి సముద్రపు ఒడ్డున ఒంటరిగా కూర్చున్న ఆమె దగ్గరికి జెస్సీ వెళ్తాడు. పరిచయం లేనివాడిలా మాట కలుపుతాడు. తాను కాలంలో ప్రయాణించి వచ్చానని, ఎనభై రెండేళ్ల సెలీన్ తనతో ఒక ఉత్తరం పంపిందని చదివి వినిపిస్తాడు. వియన్నా రైల్లో కూడా అతను ఆడింది ఇదే ఆట: ఇరవయ్యేళ్ల తర్వాత ఉండబోయే సెలీన్‌ను ఊహించుకోమన్నాడు. అప్పుడు వెంటనే సంచి తెచ్చుకున్న అమ్మాయి ఇప్పుడు చాలాసేపు కరగదు. ఇది ఆటలాడే సమయం కాదంటుంది. అతనూ విసిగిపోతాడు. కాసేపు ఇద్దరూ మాట్లాడరు. తర్వాత ఆమె నెమ్మదిగా, ఆ కాలయంత్రం ఎలా పనిచేస్తుందని అడుగుతుంది. సమస్య ఏదీ తీరలేదు. కొడుకు షికాగోలోనే ఉన్నాడు, వీళ్ల ఇల్లు పారిస్‌లోనే ఉంది. ఆమె మళ్లీ వినడానికి ఒప్పుకుంది, అంతవరకే.

2022లో ఇంకో తొమ్మిదేళ్లు నిండాయి. నాలుగో సినిమా రాలేదు. రావాలని నేను కోరుకోవడం లేదు.

ఈ సినిమాలు చూడని శ్రోతలకు నా మనవి. మొదటిది చూసిన రాత్రే రెండోది పెట్టుకోకండి, మధ్యలో కొన్ని నెలలైనా గడవనివ్వండి. చూసేటప్పుడు మాట్లాడేవాళ్లను కాసేపు వదిలి, వింటున్నవాళ్ల ముఖం చూడండి. మూడోదాన్ని మాత్రం మీతో కలిసి బతుకుతున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. హోటల్ గది దృశ్యం మధ్యలో లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది, వెళ్లకండి. చివరిదాకా కూర్చోండి.